పదిహేడో బటన్

మానవజాతి ఇంతవరకూ సాధించిన వాటిలో చెప్పుకోదగ్గవి మూడే: నిప్పు, చక్రం, నీళ్ల సరఫరా కార్యాలయం వారి ‘కుర్చీ’ యాప్. నిప్పుకీ చక్రానికీ నియమావళి లేదు కాబట్టి మొదటి స్థానం యాప్‌కే ఇవ్వక తప్పదు.

దీని ఉద్దేశం గొప్పది. కార్యాలయంలో పనిచేసే ప్రతి మనిషీ తన కుర్చీలో తానే కూర్చుంటున్నానని తన ఫోన్ ద్వారా ధ్రువీకరించాలి. గడువు పది వారాలు. పదో వారం శనివారం సాయంత్రం అయిదు లోపల ధ్రువీకరణ అందకపోతే ఆ కుర్చీని ఖాళీగా పరిగణిస్తారు. (అందులో మనిషి కూర్చుని ఉన్నా సరే. కూర్చోవడం శరీరానికి సంబంధించిన విషయం, కూర్చున్నట్టు నమోదు కావడం పరిపాలనకి సంబంధించినది.) ఖాళీ కుర్చీల్లో యంత్రాలను నియమించవచ్చునని నాలుగో నియమం.

యాప్ తెరవగానే బంగారు రంగు అక్షరాలతో “చూపు ఉన్నా లేకున్నా అందరికీ అందుబాటులో” అని ఉంటుంది. ఊరికే రాసింది కాదిది. ఏడుగురు సభ్యుల సంఘం మూడు నెలలు శ్రమపడి, పరీక్షించి, రాయించింది. ఏడుగురూ చూపున్నవాళ్లే. పరీక్ష రోజున అందరూ కళ్లు మూసుకుని యాప్ వాడారు, ఒక్కరికీ ఇబ్బంది కలగలేదు. నివేదికకు జతచేసిన ఫొటోలో మూడో సభ్యుడి ఎడమకన్ను కాస్త తెరిచి ఉన్నట్టు కనబడుతుంది గానీ, అది ఫొటో తీసినవాడి పొరపాటని కింద చిన్న అక్షరాల్లో వివరించారు. నిజంగా చూపులేని మనిషినొకరిని సంఘంలో వేసుకోవాలనే అనుకున్నారట. సభ్యత్వానికి యాప్‌లో దరఖాస్తు పెట్టుకోమంటే ఎవరూ పెట్టుకోలేదు. ఆసక్తి లేనివాళ్లను బలవంతం చేస్తామా?

ఆ కార్యాలయంలోనే మా పిన్ని టెలిఫోన్ ఆపరేటరు. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. కింది అంతస్తులో మెట్ల పక్క గదిలో, స్విచ్‌బోర్డు ముందు కూర్చుని, ఇరవై రెండేళ్లుగా ఊరంతటి దాహానికీ జవాబు చెబుతోంది. కుళాయి రాకపోయినా, పైపు పగిలినా, వచ్చిన నీళ్లలో పురుగొచ్చినా జనం ముందు తిట్టేది మా పిన్నినే. తిట్టు ఎత్తుగడని బట్టి అది ఏ వీధిదో చెప్పేస్తుంది. నాలుగంతస్తుల్లోని మూడొందల పదమూడు మంది నంబర్లూ ఆమెకు నోటికి వచ్చు. ఎవరు సీట్లో లేరో, ఎవరు ఉండి కూడా లేరని చెప్పమన్నారో అదీ వచ్చు.

ఆమెకున్న నియమం ఒక్కటే. లైన్లో ఉన్నవాళ్లు ముందు. ఒకసారి చెవిపోటు భరించలేక డాక్టరుకి ఫోన్ కలుపుకుని, “ఎప్పటి నుంచి నొప్పి?” అని ఆయన అడుగుతుండగా బోర్డు మోగితే, “ఒక్క నిమిషం ఆగండి సార్, ఎవరో పాపం నీళ్లు లేక ఇబ్బంది పడుతున్నట్టున్నారు” అని డాక్టరుని పక్కన పెట్టిన మనిషి.

ఫోన్ వాడకంలో నేను ఆమె ముందు పనికిరాను. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే గొంతు ఒకటి ఉంటుంది ఆమె ఫోన్‌లో, స్క్రీన్ రీడర్ అంటారు. వేలితో కుడికి తోస్తే ఒక్కో వస్తువు పేరూ చదువుతూ పోతుంది. కావలసింది రాగానే తెరని రెండుసార్లు తడితే నొక్కినట్టు. అయితే అది పేరు చదవాలంటే వస్తువుకి పేరు ఉండాలి. పెట్టాల్సింది యాప్ తయారుచేసినవాళ్లు. బటనుకో మాట చాలు. మా ఇంట్లో మేకపిల్లలక్కూడా పుట్టిన పూటే పేర్లు పెట్టేవాళ్లం.

‘కుర్చీ’ విడుదలైన వారం నేను వెళ్లేసరికి పిన్ని గదిలో ఫోన్ చదువుతూ ఉంది: “పేరులేని బటన్. పేరులేని బటన్. చిత్రం. పేరులేని బటన్. పేరులేని బటన్.”

“ఇదేంట్రా, అనాథ శరణాలయం తలుపు తీసినట్టుంది?” అంది పిన్ని.

“ఇలా ఇవ్వు పిన్నీ, నేను నొక్కిపెడతా.”

“పదకొండో నియమం వినలేదా? బయటివాళ్లు తెర చూసినా కుర్చీ రద్దు. ఒకరి ఫోన్ ఇంకొకరు ముట్టుకుంటే ఇద్దరి కుర్చీలూ రద్దు.”

“నాకు మీ ఆఫీసులో కుర్చీ లేదుగా.”

“అయితే నాదే రెండుసార్లు రద్దు చేస్తారు.”

యాప్ మొత్తంలో స్క్రీన్ రీడర్ శుభ్రంగా చదివిన వాక్యం ఒక్కటే ఉంది. “ఇబ్బందులుంటే సహాయ నంబరుకు ఫోన్ చేయండి.” పిన్ని తన ఫోన్ నుంచి ఆ నంబరు కలిపింది. కలిపీ కలపగానే ఎదురుగా బోర్డు మోగింది. లైన్లో ఉన్నవాళ్లు ముందు కదా. ఫోన్ ఒక చెవికి ఆనించుకునే, రెండో చెవికి బోర్డు రిసీవరు పెట్టుకుని, “నమస్కారం, నీళ్ల సరఫరా కార్యాలయం” అంది. ఆ నమస్కారం మొదటి చెవిలో వినబడింది.

“ఎవరండీ మాట్లాడేది?” అంది పిన్ని.

“నేనేనండీ,” అంది పిన్ని.

మీరూ నేనూ అయితే రెండూ పెట్టేసేవాళ్లం. వచ్చిన ప్రతి ఫోనుకీ ఫిర్యాదు నంబరు ఇచ్చి తీరాలన్నది సహాయ విభాగం నియమం. ఆ సహాయ విభాగంలో సిబ్బంది మొత్తం మా పిన్నే. అందుకని ఆమె తన పేరు అడిగింది, చెప్పింది. సమస్య అడిగింది, చెప్పింది. “మీ ఇబ్బంది అర్థమైందండీ, సంబంధిత విభాగానికి తెలియజేస్తాం, దయచేసి లైన్లో ఉండండి” అని తనను తాను సంగీతానికి అప్పగించింది. నాలుగు నిమిషాలు విని, “ఎంతసేపండీ?” అని విసుక్కుంది కూడా.

“మీ ఒక్కరి పనేనా అమ్మా మాకు?” అని జవాబు చెప్పింది.

“ఆ మాటకి మాత్రం నాకు ఒళ్లు మండిందిరా,” అంది నాతో, కడుపు పట్టుకుని నవ్వుతూ. “ఇన్నేళ్లుగా అందరినీ ఇలాగే అన్నానా నేను?”

మర్నాడు కర్ర పట్టుకుని రెండో అంతస్తుకి ఎక్కింది. అక్కడ అందుబాటు అధికారి ఉంటారు. చూపులేనివారికి సంబంధించిన సమస్త వ్యవహారాలూ ఆయనవే. గదిని సులువుగా గుర్తుపట్టడానికి తలుపు మీద అరచేయంత అక్షరాలతో బోర్డు వేలాడదీశారు. (పిన్ని ఆయన్ని గుర్తుపట్టింది బూట్ల కిర్రు వల్ల. కుడి బూటు ఒకటే కిర్రుమంటుంది.)

“రండమ్మా, రండి! మీలాంటివాళ్ల కోసమే ఈ విభాగం. నాలుగేళ్లలో మీరే మొదటివారు.”

“యాప్‌లో బటన్లకి పేర్లు పెట్టించండి సార్. పదిహేడున్నాయి. ఒక్క పూట పని.”

“పేర్లు లేవని మీకెలా తెలిసింది?”

“పేరులేని బటన్ అని చదువుతోంది సార్.”

“మరింకేం! ఏదో ఒకటి చదువుతోందిగా. అదే దాని పేరనుకోండి.”

“పదిహేడింటికీ అదే పేరా సార్?”

“సమానత్వం అమ్మా,” అన్నారాయన, గొంతులో కాస్త తడి చేరగా.

అయినా పిన్ని కదలకపోయేసరికి ఆయన అభ్యంతర పత్రం ఇచ్చారు. రెండు పుటలు. మొదటి పుట పైన “చూపులేనివారు రెండో పుటలోని నమూనాను చూసి నింపవలెను” అని ఉంది. పిన్ని చెబుతుంటే ఆయన గుమాస్తానే నింపాడు. తీసుకున్న రోజే దానికి ‘పరిశీలనలో’ అనే ముద్ర పడింది. తొమ్మిది వారాల తర్వాత కూడా అదే ముద్ర, చెక్కుచెదరలేదు.

ఈలోగా పిన్ని ఊరుకోలేదు. పిలిస్తే పలకని వాటిని లెక్కపెట్టుకోవాలి. గొడ్లకాడ పెరిగినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. రోజూ మధ్యాహ్నం భోజనం వేళ ఒక్కో బటనూ నొక్కి, ఏం జరిగిందో విని, బుర్రలో వేసుకుంది. మొదటిది వెనక్కి తీసుకుపోతుంది. నాలుగోది అప్పటిదాకా నింపిందంతా చెరిపేస్తుంది. (ఇది మూడుసార్లు నేర్చుకుంది.) తొమ్మిదోది యాప్‌ని భూమ్మీద ఎవరూ మాట్లాడని భాషలోకి మారుస్తుంది. అందులోంచి బయటపడటానికి రెండు రోజులు పట్టింది. పదమూడోది పంపుహౌసు వాచ్‌మన్‌కి ఫోన్ కలుపుతుంది. ఎందుకో వాచ్‌మన్‌కీ తెలియదు. వారం తిరిగేసరికి ఆయన తన మోకాలి నొప్పుల సంగతంతా ఆమెకు చెప్పుకున్నాడు. పదిహేడోది, అన్నిటికన్నా చివరిది, ‘సమర్పించు’.

పదో వారం శుక్రవారం మూడున్నరకి పిన్ని అంతా నింపి పదిహేడో బటన్ నొక్కింది. “మీరు యంత్రం కాదని నిరూపించుకోండి. కింది తొమ్మిది బొమ్మల్లో మెట్లు ఉన్నవాటిని ఎంచుకోండి” అంది యాప్. ఇక్కడ పరిపాలనలోని తర్కాన్ని మెచ్చుకోవాలి. యంత్రం కాదని నిరూపించుకోలేనివారి కుర్చీ యంత్రానికి ఇస్తారు. ఎక్కడా చిల్లు లేదు.

బొమ్మల కింద చెవి గుర్తు ఒకటుంది. (పేరులేని బటన్.) దాన్ని నొక్కితే చప్పుడు పరీక్ష వస్తుంది. గాలివాన, లారీ హారన్లు, సంతలో గోల అన్నీ కలిపి ఒక గొంతు మీద కుమ్మరించి, ఆ గొంతు చెప్పిన అయిదు అంకెలూ వేయమంటారు. ఇంతవరకూ దీన్ని దాటినవాళ్లు లేరు. మా పిన్ని ఇరవై రెండేళ్లుగా వానకు తడిసిన తీగల మీద జనం ఏడుపులు విన్నది. అంకెలు పూర్తయ్యీ కాకముందే వేసేసింది.

యాప్ క్షణం ఆలోచించింది. “మీ జవాబు మనుషులకు సాధ్యం కానంత కచ్చితంగా ఉంది. మీరు యంత్రమని భావిస్తున్నాం. గంట తర్వాత ప్రయత్నించండి.”

గంట తర్వాత పిన్ని మొదట ఒకటి తప్పు వేసింది. గొంతు సవరించుకుంది. బోర్డు మీద వచ్చిన రెండు ఫోన్లు మాట్లాడి, తిరిగొచ్చి సరైనవి వేసింది. “మీరు మనిషే. అభినందనలు” అంది యాప్. వెంటనే, “కార్యాలయ వేళలు ముగిసినవి. రేపు మొదటి నుంచి ప్రారంభించండి” అని కూడా అంది. అప్పటికి అయిదూ అయిదు.

మిగతా మూడొందల పన్నెండు మందిలో ధ్రువీకరణ పూర్తి చేసినవాళ్లు ఎందరో తెలుసా? ఒక్కరూ లేరు. చూసి నొక్కేవాళ్లకి అది రెండు నిమిషాల పని. రెండు నిమిషాల పనిని పది వారాల గడువులో ముందే చేసేంత తెలివితక్కువవాళ్లెవరూ ఆ కార్యాలయంలో లేరు.

గురువారం నాడు పై అధికారులు కొందరు యాప్ తెరచి చూసి, తెల్లటి తెర కళ్లకు గుచ్చుకుంటోందని ఒక మాట అన్నారు. ఆ మాట అభ్యంతర పత్రం మీదకు కూడా ఎక్కలేదు, అప్పటికే యాప్ తయారుచేసిన రంగుల ఇంజనీరు పనిలోకి దిగారు. శనివారం పొద్దునకి ‘కంటికి ఉపశమనం’ సిద్ధమైంది. తెర నల్లగా మారింది. ఉపశమనం సంపూర్ణంగా ఉండాలని అక్షరాలనూ బటన్లనూ కూడా నలుపు చేశారు.

పదింటికి పిన్ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి పదకొండో బటన్ దగ్గర ఉండగా, పెద్ద గుమాస్తా తలుపు తోసుకుని వచ్చాడు.

“అమ్మా, నా ఫోన్ చచ్చిపోయినట్టుంది! అంతా చీకటి.”

“అది చీకటి కాదండీ, యాప్. మా ఫోన్లో ఎప్పుడూ ఇంతే.”

“మరి మీరెలా నొక్కుతున్నారు?”

“లెక్కపెట్టి.”

ఆయన ఇంకేదో అనబోయేలోగా బోర్డు మోగింది. ఒక లైను, మూడు, పన్నెండు, తర్వాత అన్నీ. నాలుగంతస్తులూ ఒకేసారి సహాయ నంబరుకి ఫోన్ చేస్తున్నాయి. పిన్ని తన ఫోన్‌ని బల్ల మీద బోర్లించింది. లైన్లో ఉన్నవాళ్లు ముందు.

స్విచ్‌బోర్డులో ఎర్ర మీట ఒకటుంది. నిప్పంటుకుంటే నొక్కాలి, అన్ని గదుల్లోకీ ఒకేసారి గొంతు వెళుతుంది. ఇరవై రెండేళ్లలో దాని అవసరం పడలేదు. పిన్ని నొక్కింది.

“అందరూ వినండి. ముందు మీ ఫోన్లలో స్క్రీన్ రీడర్ పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇప్పుడు కళ్లు మూసుకోండి.”

“ఎందుకమ్మా? ఎలాగూ ఏమీ కనబడట్లేదుగా,” అన్నారు మూడో అంతస్తు నుంచి పెద్దాఫీసరు.

“కనబడుతుందేమోనని వెతుకుతారు సార్. అక్కడే తప్పిపోతారు. మూయండి.”

పెద్దాఫీసరు మూశారు. ఆయన మూశారని తెలిసి అందరూ ఇంకాస్త గట్టిగా మూశారు.

“కుడికి తోయండి. ఒకటి.”

“పేరులేని బటన్,” అన్నాయి మూడొందల పన్నెండు ఫోన్లు ఏకకంఠంతో.

“రెండు.”

“పేరులేని బటన్!”

కిటికీలు అదిరాయి. బయట వీధిలో పోయేవాళ్లు ఆగి, లోపల ఏదో ప్రమాణస్వీకారం జరుగుతోందనుకున్నారు.

“ఇదేంటి, దేనికీ పేరు లేదు?” పెద్దాఫీసరు గొంతు. “ఎవరు చేశారిది?”

“మీరు సంతకం పెట్టిందే సార్. మూడు.”

అంతా సాఫీగా జరిగిందనను. రెండో అంతస్తు మొత్తం తొందరపడి నాలుగోది నొక్కి, నింపిందంతా చెరుపుకుంది. పదమూడు దగ్గర నలభై మంది జారి పంపుహౌసులో పడ్డారు. ఆ వాచ్‌మన్ ఒక్కొక్కరికీ మోకాళ్ల సంగతి మొదటి నుంచి చెప్పాడు. బిల్లుల విభాగం ఆవిడ తొమ్మిది నొక్కి ఆ ఎవరిదీ కాని భాషలోకి వెళ్లిపోయి, “నన్ను తీసుకురండి, నన్ను తీసుకురండి” అని రిసీవరులో ఏడ్చింది. పిన్ని తీసుకొచ్చింది. చప్పుడు పరీక్ష దగ్గర అందరూ తమ ఫోన్లని రిసీవర్లకి ఆనించారు. ఒక్కొక్కరిదీ విని పిన్ని అంకెలు చెప్పింది, “ముందు ఒకటి తప్పు వేయండి, లేకపోతే మిమ్మల్ని మనిషనుకోదు” అని ప్రతివాళ్లకీ హెచ్చరిక చేస్తూ. పెద్దాఫీసరు హెచ్చరిక వినకుండానే నాలుగు తప్పులు వేశారు. “మీరు నిస్సందేహంగా మనిషి” అని యాప్ మెచ్చుకుంది.

మధ్యాహ్నం భోజనం లేదు. నేను తెచ్చిన డబ్బా మూత తీయకుండానే చల్లారిపోయింది. “పిన్నీ, నీది కూడా నొక్కేసుకోరాదూ మధ్యలో?” అన్నాను.

“ఇంకా అరవై మంది ఉన్నార్రా లైన్లో.”

నాలుగుంపావుకి మూడొందల పన్నెండో మనిషి అయిపోయాడు. నాలుగంతస్తుల్లోనూ చప్పట్లు మోగాయి. పెద్దాఫీసరు ఎర్ర మీట లైన్లోనే, “చూపు అంటే ఏమిటో ఇవాళ తెలిసింది” అని గద్గదంగా ఒక వాక్యం పలికి కారెక్కారు. ఆ వెనకే అందరూ. శనివారం కదా, పది నిమిషాల్లో మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా మిగల్లేదు.

అంతకుముందు మూడున్నరప్పుడు పెద్దాఫీసరు రంగుల ఇంజనీరుకి కూడా ఒక ఫోన్ కొట్టి ఉన్నారు. నాలుగున్నర కాకముందే అక్షరాలు తెల్లబడ్డాయి. తొమ్మిది వారాల అభ్యంతర పత్రం కింది అరలోనే ఉంది గానీ, ఎలాగూ విప్పాం కదా అని ఇంజనీరు తెరని కాస్త అందంగా కూడా సర్దారు. కింద ఉన్న బటన్లు పైకీ, పైన ఉన్నవి కిందికీ.

ఆ సంగతి పిన్నికి ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. ఆమె నాలుగున్నరకి మొదలుపెట్టింది. పాత లెక్క ప్రకారం నొక్కిన చోటల్లా ఏదో ఒకటి తేడాగా పలుకుతోంది. “అలిసిపోయానేమోరా, వేలు జారుతోంది” అని మళ్లీ వెనక్కి వచ్చి, ఒక్కోటీ విని విని నింపుకుంటూ వచ్చింది. అయిదుకి ఎనిమిది నిమిషాలుందనగా పదిహేడో బటన్ మీదకు వేలు చేరింది. రెండుసార్లు తట్టింది.

“మీ వివరాలన్నీ విజయవంతంగా చెరిపివేయబడినవి.”

“సర్దేశార్రా ఇల్లంతా” అంది పిన్ని మెల్లగా. మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలెట్టి, చెరిగినవన్నీ హడావిడిగా నింపుకొచ్చింది.

అప్పుడే మెట్ల మీద ఒక కాలి కిర్రు వినబడింది. అందుబాటు అధికారి, అందరికన్నా ఆఖరున దిగుతున్నారు.

“సార్! ఒక్క క్షణం. ముట్టుకోవద్దు, చూసి చెప్పండి చాలు. సమర్పించు బటన్ ఇప్పుడు ఎన్నోది?”

ఆయన ఆగారు. నొచ్చుకున్నారు కూడా. “అమ్మా, ఎవరి సాయం లేకుండా మీ అంతట మీరు వాడాలన్నదే మా విభాగం ఆశయం. నేను చెబితే ఆ ఆశయం ఏమైపోతుంది?”

“ఆశయం సోమవారం చూసుకుందాం సార్. ఒక్క నిమిషమే ఉంది.”

“మీలో ఆ పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది,” అని ఆయన నిజంగానే ముచ్చటపడి వెళ్లిపోయారు. నేను ఆగలేక, నియమం సంగతి మరిచి తల వంచి తెర చూశాను. “మూడోది పిన్నీ! మూడోది!” అని అరిచాను. ఆమె వేలు మూడో దాని మీదకు వెళ్లేసరికి యాప్ తలుపులు మూసుకుంది. కార్యాలయ వేళలు ముగిసినవి.

సోమవారం ఉత్తర్వు వచ్చింది. దాని సారాంశం: శనివారం నాడు మొత్తం సిబ్బందిలో మూడొందల పన్నెండు మంది చూపుతో పనిలేకుండా యాప్‌ను విజయవంతంగా వాడినందున, అది చూపులేనివారికి పూర్తిగా అందుబాటులో ఉన్నట్టు రుజువైనది. వాడలేకపోయినవారు ఒక్కరే. అందుకు కారణం వ్యక్తిగతం. సదరు అభ్యంతర పత్రం మూసివేయడమైనది. సదరు కుర్చీని నాలుగో నియమం ప్రకారం యంత్రానికి కేటాయించడమైనది. అయితే కార్యాలయం మానవతా దృక్పథంతో ఆలోచించి, ఆ ఒక్కరికీ చూడకుండా యాప్ వాడటంలో శిక్షణ ఇప్పించాలని నిర్ణయించింది. శిక్షకురాలిగా, ఈ రంగంలో అనుభవం ఉన్న ఏకైక వ్యక్తి అయినందున, మా పిన్నినే నియమించారు. శిక్షణ పొందే వ్యక్తి ఉత్తీర్ణురాలయ్యే రోజుతో ఈ ఉద్యోగం ముగుస్తుంది.

ఇప్పుడు మెట్ల పక్క గదిలో యంత్రం ఉంది. నీళ్లు రాకపోతే ఒకటి నొక్కమంటుంది, ఒకటి నొక్కితే యాప్ చూడమంటుంది. ఫిర్యాదులు సగానికి పడిపోయాయని కార్యాలయం సంబరపడుతోంది. పిన్నికి పక్కనే సామాన్ల గదిలో ముక్కాలి పీట ఒకటి ఇచ్చారు. బోర్డు మోగినప్పుడల్లా గోడ అవతల నుంచి వినబడుతుంది. ఆమె చెయ్యి దానంతటదే లేస్తుంది, మళ్లీ ఒళ్లో పెట్టుకుంటుంది.

“శిక్షణ ఎలా సాగుతోంది పిన్నీ?” అని అడిగాను మొన్న.

“ఆ మనిషి ఒట్టి మొద్దురా,” అంది. “నాకు బాగా తెలుసు దాన్ని. ఇంకో పన్నెండేళ్లు పట్టేట్టుంది.” పన్నెండేళ్లకి ఆమె పదవీ విరమణ. ఇద్దరం సామాన్ల గది తలుపు వేసుకుని పడి పడి నవ్వాం.

వారం వారం ఆమె అందుబాటు అధికారికి నివేదిక పంపాలి. మొదటి వారం పంపింది: “అభ్యర్థిలో పురోగతి లేదు. బటన్లకు ఇంకా పేర్లు లేవు.” ఆయన తన చేత్తో ఒక్క మాట రాసి తిప్పి పంపారు.

“సంతృప్తికరం.”